తెరమీది పెదవులు

తల్లిదండ్రులు పెట్టిన పేరు అతనికి ఫైర్ స్టేషన్ హాజరుపట్టీలోనే మిగిలింది. మనుషుల నోళ్ళలో మాత్రం అతను చూపులాయన. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే, పొయ్యిమీది పాలకు కాపలా కాస్తున్నవాడిలా, వాళ్ళ మూతిమీంచి కళ్ళు తిప్పేవాడు కాదు. వీధిలోకి కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయిలు మొదట్లో బెదిరిపోయి కొంగు సర్దుకునేవారు. "ఆయన చూపులో చెడ్డ లేదమ్మా, అదొక అలవాటు" అని పాతవాళ్ళు సర్దిచెప్పేవారు. ఆ అలవాటు ఎక్కణ్ణుంచి పట్టుకుందో ఆ పాతవాళ్ళకూ తెలియదు. తెలిసింది భార్య ఒక్కదానికే.

అతనికి చెవులు వినపడవు.

పుట్టుచెవుడు కాదు. రెండేళ్ళ కిందట నూనెల గోడౌన్ తగలబడినప్పుడు పీపాలు వరసగా పేలాయి. ఆ పేలుళ్ళకు అందరికంటే దగ్గరగా ఉన్నది అతనే. ఆ రోజు చెవుల్లో మొదలైన హోరు నెల తిరిగినా పోలేదు. పోతోంది కదా అని సంతోషించేలోపు దానితోపాటు లోకం కూడా పోవడం మొదలుపెట్టింది. ముందు పిచ్చుకలు పోయాయి. కిటికీ ఊచమీద వాలిన పిచ్చుక ముక్కు తెరుస్తోంది, మూస్తోంది, అంతే. తరువాత కుళాయి పోయింది. నీళ్ళు బిందెలో పడుతుంటే దూదిమీద దూది పడుతున్నట్టుండేది. ఆ పైన తన చెప్పుల చప్పుడు పోయింది. నేలమీద కాలు ఆనడం లేదేమో, ఇంకెవరి కలలోనో తను నడుస్తున్నాడేమో అనిపించేది. అన్నింటికన్నా చివర భార్య గొంతు పోయింది.

ఆమెకు ఆ సంగతి తెలిసిన తీరు వేరు. ఒకనాడు అతను వీపు తిప్పి గడ్డం గీసుకుంటుంటే వెనకనుంచి ఏదో అడిగింది. జవాబు లేదు. మళ్ళీ అడిగింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. "ఓహో, నాతో మాట్లాడటానికి నామోషీ అయిందన్నమాట" అనుకుని మూడు రోజులు మూతి బిగించుకుంది. ఆమె మాట్లాడటం మానేసిందన్న సంగతే అతను కనిపెట్టలేదు. నాలుగో రోజు చేతిలోని ఇత్తడి పళ్ళెం జారి అతని వెనకే బండమీద పడి గింగిరాలు తిరిగింది. పక్కింటివాళ్ళు సైతం తలుపు తీసి చూశారు. అతను మాత్రం ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగగా, అద్దంలో తన ముఖాన్నే చూసుకుంటున్నాడు. ఆమె పళ్ళెం తీయకుండా వెళ్ళి అతని ముందు నిలబడింది.

"ఎన్నాళ్ళనుంచి?" అంది.

అతనికి ఆ మాట వినపడలేదు, అర్థమైంది. చెంపమీది నురగ తుడుచుకోకుండానే కూలబడిపోయాడు.

ఆమె నూలుమిల్లులో పదిహేనేళ్ళుగా కండెలు మార్చే పని చేస్తోంది. మిల్లులోపల మరల రొదలో పక్కన పిడుగు పడినా తెలియదు. అందుకని అక్కడి ఆడవాళ్ళు నోటితో కాక మూతితో మాట్లాడుకుంటారు. గొంతు కలపరు. పెదవులు పెద్దగా కదిపి, కళ్ళతో కనుబొమలతో మిగతాది పూర్తిచేస్తారు. ఈ గోడ దగ్గర అత్తమీద మొదలైన ఫిర్యాదు, నలభై మరల అవతల ఉన్నామెకు పొల్లుపోకుండా చేరుతుంది. మేస్త్రీ నడుమ తిరుగుతూనే ఉంటాడు. తన ముక్కుమీద వాళ్ళంతా జోకులేసుకుంటున్నారని అతనికి ఏనాడూ తెలియదు.

ఆ విద్యను ఆమె మొగుడికి నేర్పింది. వంటింటి కిటికీలోంచి పొద్దుటి వెలుతురు ముఖంమీద పడేలా పీటమీద కూర్చుని, గొంతు కలపకుండా ఒక్కొక్క మాటే అనేది. నీళ్ళు. నిచ్చెన. నువ్వు. నేను. కొన్ని మాటలు పెదవులమీద కవలపిల్లల్లా ఒకే తీరుగా ఉంటాయి. "అప్పుడు పెదవులు వదిలి కళ్ళు చూడండి" అనేది. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఆమె ముఖాన్ని అతను అంతసేపు చూసింది లేదు. కింది పెదవికి ఎడమవైపు చిన్న మచ్చ ఉందని అప్పుడే తెలిసింది. ఆ చిన్న వంటింట్లో, ఆవిరి మధ్య, శబ్దం లేని మాటలు చేపపిల్లల్లా అటూ ఇటూ కదిలేవి. అతను ఒకటొకటే పట్టుకునేవాడు. ఆరు నెలలకు అతని చేతికి చిక్కని మాట లేదు.

ఇంత కష్టం బండికోసం. చెవిగానీ కన్నుగానీ లోపించినవాడు ఫైరింజను ఎక్కకూడదని స్టేషన్ నియమం. తెలిస్తే దింపేస్తారు. జీతం ఆగదు. గేటు దగ్గర స్టూలు వేసి కూర్చోబెడతారు. మిగతావాళ్ళు బండెక్కి దుమ్ము రేపుకుంటూ వెళుతుంటే గేటు తీసి, మళ్ళీ మూయాలి. పంతొమ్మిదేళ్ళు బండి పక్కమెట్టుమీద గాలికి ఎదురు నిలబడి పోయిన మనిషి అతను. 

అందుకే దాచాడు. స్టేషన్‌లో గంట వేలాడే గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. గంట మోగితే గోడ వణికేది. ఏడాదికోసారి వచ్చే డాక్టరు గుండె చూసి, కళ్ళు చూసి, చివర్లో "చెవులు బాగా వినపడుతున్నాయా?" అని ఎదురుగా నిలబడి అడిగేవాడు. "లక్షణంగా వినపడుతున్నాయండీ" అనేవాడు చూపులాయన, ఆయన మూతిమీంచి కళ్ళు తీయకుండా. డాక్టరు సంతకం పెట్టి వెళ్ళిపోయేవాడు.

నిప్పులార్పే మనిషి గుండెలో నివురుగప్పిన నిప్పు ఒకటుండేది. అది అతని జోడీకి సంబంధించింది. పొగలోకి ఇద్దరిద్దరుగా వెళ్ళాలి, ఒకరి ప్రాణం ఒకరి చేతిలో. ఇతని జోడీ బొద్దుగా, నోరు మూతపడని మనిషి. చుట్టరికం లేకపోయినా ఇతణ్ణి "బావా" అనీ, ఇతని భార్యను "చెల్లెమ్మా" అనీ పిలిచేవాడు. ఆరు నెలల కిందట ఒక మేడ అంటుకుంటే ఇద్దరూ మెట్లెక్కారు. పైన దూలం జారుతుండటం జోడీ చూసి ఆగమని అరిచాడు. ముందున్నవాడు ఆగలేదు. అతణ్ణి లాగడానికి జోడీ ముందుకు దూకితే దూలం భుజంమీద పడింది. అదేమీ తెలియని చూపులాయన పైకి వెళ్ళి, మంచంమీది ముసలామెను ఎత్తుకుని తిరిగొచ్చాక, మెట్లమీద పడి ఉన్న జోడీని చూశాడు.

భుజంమీద అరచేతి వెడల్పున కాలిన మచ్చ మిగిలింది. జోడీ ఆ మచ్చను అందరికీ చూపించి చెప్పుకునేవాడు. "నేను ఆగరా బాబూ అని గొంతు చించుకున్నా. వింటేనా! మా బావకి ముసలామె ప్రాణం ముఖ్యం, తన ప్రాణం కాదు. అదీ గుండెంటే!" జనం చూపులాయన వీపు తట్టేవారు. ఒక్కొక్క తట్టుడూ అతనికి చెంపదెబ్బలా తగిలేది. నిజం చెబితే బండి పోతుంది. చెప్పకపోతే ఈ పొగడ్త మోయాలి. నోటిదాకా వచ్చిన మాట నోట్లోనే చల్లారిపోయేది.

అలా ఉండగా ఊళ్ళో సినిమాహాలుకు ఒక మాటల్లేని హాస్యచిత్రం వచ్చింది. తడబాటుకు మారుపేరైన ఒక ఫైర్‌మన్ కథ. హాలు యజమాని తెలివైనవాడు. అసలు ఫైర్‌వాళ్ళే వచ్చి చూస్తే జనం విరగబడతారని, ఆదివారం మధ్యాహ్నం ఆటకు స్టేషన్ మొత్తాన్ని పిలిచాడు. యూనిఫాంలో, ఇత్తడి టోపీలతో రావాలని మాట తీసుకున్నాడు. మిల్లుకు కూడా సెలవు కాబట్టి వెనక బెంచీలన్నీ మిల్లు ఆడవాళ్ళతో నిండిపోయాయి. చూపులాయన భార్య స్నేహితురాళ్ళ మధ్య కూర్చుంది.

దీపాలు ఆరాయి. వెనకనుంచి కేకలు లేచాయి. "టోపీలు తీయండయ్యా! మీ బుర్రలు చూడ్డానికి వచ్చామా?" ముందు వరసల్లో టోపీలన్నీ దిగాయి. ఒక్కటి దిగలేదు. జోడీయే చెయ్యి చాచి చూపులాయన తలమీంచి తీసి తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

తెర వెలిగింది. హార్మోనియం వాయించేవాడు ఒక పక్క, తెరమీద పడే అట్టల్లోని మాటలు చదువురాని వాళ్ళకోసం బిగ్గరగా చదివేవాడు ఇంకోపక్క కూర్చున్నారు. చూపులాయనకు ఆ ఇద్దరూ లేరు. వెండివెలుగులో ఒక బక్కమనిషి నిచ్చెన భుజాన వేసుకుని ఇటు తిరిగితే వెనకున్న నలుగురు పడిపోయారు, క్షమించమని అటు తిరిగితే ముందున్న నలుగురూ పడిపోయారు. మంటల్లోకి దూకి అన్నిటికంటే ముందు నిలువుటద్దం బయటికి తెచ్చాడు. అందులో తన్ను తానే చూసుకుని, ఎవరో పెద్దమనిషి అనుకుని సలాం కొట్టాడు. గొట్టంలో నీళ్ళు వచ్చి అతణ్ణే గాల్లోకి లేపితే, ఆ నీటి కొసమీద కూర్చుని ఊళ్ళోని మేడలన్నిటి కిటికీల్లోకీ తొంగిచూస్తూ తేలిపోయాడు.

"ఆ గొట్టం బిగింపు అలాగేనా పెట్టేది, చవట!" అని ముందు వరసలో ఎవడో ఆవేశపడ్డాడు.

చూపులాయన అదేమీ ఎరగడు. రెండేళ్ళ తర్వాత అతనికి ఒంట్లోని బిగువంతా సడలింది. ఈ గదిలో ఎవరికీ తెరమీది గొంతులు వినపడవు. అందరూ తనలాగే చూస్తున్నారు. నీళ్ళు దూదిలా పడే లోకం, పిచ్చుకలు ఉత్తినే నోరు తెరిచే లోకం, తను ఒంటరిగా తిరుగుతున్న లోకంలోకి ఊరంతా టిక్కెట్టు కొనుక్కుని వచ్చి కూర్చుంది. అతనికి నిద్రలో నవ్వినంత హాయిగా ఉంది. తెరమీది వెలుగు ముఖాలమీద నీడలై కదులుతుంటే అందరూ కలిసి ఒకే చెరువు అడుగున కూర్చున్నట్టుంది.

కథ చివరికొచ్చింది. కాలుతున్న మేడకప్పుమీద బక్కవాడు కథానాయికను రెండు చేతులమీద ఎత్తుకుని నిలబడ్డాడు. నాలుగు వైపులా మంటలు. హార్మోనియం విషాదంలోకి దిగింది. అట్ట పడింది. చదివేవాడు గొంతు వణికించాడు. "ప్రియా! నీవు లేని లోకం నాకు వద్దు. మరణమైనా మనల్ని విడదీయలేదు!" హాలంతా ముక్కులు చీదుకుంది. స్టేషన్ ఆఫీసరుగారి భార్య రుమాలు తీసింది.

తెరమీద బక్కవాడి పెదవులు మాత్రం ఇలా అంటున్నాయి. "ఇంకెంతసేపు తీస్తాడమ్మా వీడు, నా నడుం పోయింది. పొద్దున్న నువ్వేం తిన్నావు తల్లీ?"

కథానాయిక కన్నీళ్ళు కారుస్తూ, అతని మెడ చుట్టూ చేతులు వేసి అంది. "నేను తిన్నది సరే, నువ్వు తిన్న ఉల్లిపాయ ముందు మింగు. మొహం అటు తిప్పు."

వెనక బెంచీలు పేలిపోయాయి. మిల్లు ఆడవాళ్ళు ఒకరిమీద ఒకరు పడి నవ్వారు. బెంచీ ఒకటి విరిగినంత చప్పుడైంది. ఏడుస్తున్న జనం వెనక్కి తిరిగి "ఇదేం చోద్యం, గుండెలు లేవా వీళ్ళకి?" అని తిట్టారు. సరిగ్గా అప్పుడే ముందు వరసలో, గుడ్లనీళ్ళు కుక్కుకుంటున్న ఫైర్‌వాళ్ళ నడుమ, ఒకే ఒక్క మనిషి పొట్ట పట్టుకుని పకపకా నవ్వుతున్నాడు.

"ఏంటి బావా? ఎందుకు నవ్వుతున్నావ్?" అన్నాడు జోడీ.

చీకట్లో అతని మూతి కనపడదు. చూపులాయన తెరవైపే చూస్తున్నాడు.

జోడీ ఈసారి చెవి దగ్గరే నోరు పెట్టి అరిచాడు. పక్కవాళ్ళు కసురుకున్నారు. చూపులాయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. జోడీ వెనక బెంచీలవైపు ఒకసారి చూశాడు. మళ్ళీ ఇతనివైపు చూశాడు. మిల్లు ఆడవాళ్ళ మూతిమాటల సంగతి ఊళ్ళో ఎవరికి తెలియదు? ఒళ్ళోని టోపీవైపు చూశాడు. ఆ తరువాత తెరమీద ఏం జరిగిందో అతనికి తెలియదు. అతను మెట్లమీద ఉన్నాడు, ఆగమని అరుస్తున్నాడు.

ఆట వదిలారు. బయట ఎండ కళ్ళలో పొడిచింది. చూపులాయన ముఖంమీద నవ్వు ఇంకా ఆరలేదు. జోడీ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఆ రోజు మెట్లమీద నేను అరిచింది నీకు వినపడలేదు. అవునా?"

ఒక్కొక్క అక్షరమూ ఎండలో స్పష్టంగా కనపడింది. అర్థం కానట్టు నటించవచ్చు. అంత జనంలో ముఖం ఇంకోవైపు తిప్పుకుంటే చాలు, ఎవరూ తప్పు పట్టరు. అతను తిప్పుకోలేదు.

"లేదు" అన్నాడు.

"ధైర్యమనుకున్నానురా. ఊరంతా చెప్పుకు తిరిగాను." జోడీ టోపీని అతని చేతిలో పెట్టి జనంలో కలిసిపోయాడు.

భార్య నవ్వునీళ్ళు తుడుచుకుంటూ వచ్చి మొగుడి ముఖం చూసి ఆగిపోయింది. ఇద్దరూ ఇంటిదారి పట్టారు. గుమ్మం దాటాక అతను అంతా చెప్పాడు. ఆమె చాలాసేపు విని, ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"అన్నయ్య వెళ్ళి ఆఫీసరుకి చెప్తాడంటారా?"

"చెప్పడు. వాడి సంగతి నాకు తెలుసు."

"అయితే మీరే చెప్పాలి. అన్నయ్య చెప్పే మనిషయితే, మనం భయపడి చెప్పామనుకోవచ్చు. చెప్పని మనిషి నెత్తిన ఇంకో దూలం పెట్టకండి."

"బండి పోతుందే."

"పోతుంది. నాకు తెలియదా? ఆ మూతిమాటలు నేర్పింది నేనే. సగం పాపం నాది." ఆమె కిందిపెదవి వణికింది. ఆ వణుకులో మాటేమీ లేదు, అయినా అతనికి అంతా అందింది.

మర్నాడు పొద్దున్నే అతను ఆఫీసరుగారి గదిలోకి వెళ్ళి, నిలబడి, గోడౌన్ దగ్గరనుంచి మెట్లదాకా పూస గుచ్చినట్టు చెప్పాడు. ఆఫీసరుగారు ముందు తెల్లబోయారు, తరువాత ఎర్రబడ్డారు. కుర్చీలోంచి లేచి, కిటికీవైపు తిరిగి, చేతులు ఊపుతూ తిట్టడం మొదలుపెట్టారు.

"అయ్యా" అన్నాడు చూపులాయన. "కాస్త ఇటు తిరిగి తిట్టండి. లేకపోతే నాకు అందవు."

ఆఫీసరుగారు గిర్రున తిరిగారు. నవ్వాలో కొట్టాలో తెలియక బల్లను చరిచారు. "రెండేళ్ళు! ఇంతమంది ప్రాణాలతో రెండేళ్ళు ఆడుకున్నావయ్యా నువ్వు!"

"అవునండీ."

"ఇవాళ్టినుంచి పొగలోకి వెళ్ళవు. బండి ఎక్కవు. వెళ్ళి గేటు దగ్గర కూర్చో."

అతను తల ఊపి వెనక్కి తిరిగాడు. గుమ్మంలో జోడీ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. అతను ఆఫీసరుగారితో మాట్లాడాడు, కానీ ముఖం చూపులాయనకు కనపడేలా నిలబడే మాట్లాడాడు.

"సార్, పంపు దగ్గర ఎవరుండాలి చెప్పండి. ఆ మోటారు మొత్తుకుంటుంటే చెవులున్నవాడికి మాత్రం ఏం వినపడుతుంది? మేం కిటికీలోంచి చేతులూపితే చూసి నీళ్ళు పెంచాలి, తగ్గించాలి. ఇప్పుడున్నవాడు సగంసేపు మేఘాలు చూస్తాడు. మన స్టేషన్‌లో చూడటంలో వీడి తరవాతే ఎవరైనా."

"నీ భుజం కాల్చినవాణ్ణి వెనకేసుకొస్తున్నావా?"

"వెనకేసుకు రావట్లేదు సార్. నా కోపం నా దగ్గరే ఉంది, ఇప్పట్లో పోదు." జోడీ మొదటిసారిగా అతనివైపు సూటిగా చూశాడు. "పొగలోకి ఇక నీతో రాను బావా. కానీ బయట నువ్వుంటే లోపలికి వెళ్తాను."

ఆఫీసరుగారు పైవాళ్ళకు ఉత్తరం రాశారు. జవాబు వచ్చేదాకా అయిదు వారాలు చూపులాయన స్టూలుమీద కూర్చున్నాడు. బండి వెళుతుంటే గేటు తీశాడు, వచ్చాక మూశాడు. గోడకు ఆనుకోవలసిన పని లేదు, ఎవరి మూతీ కాపలా కాయనక్కరలేదు. స్టూలుమీద కూర్చుని చూస్తే వీధి కూడా వెండివెలుగులో కదులుతున్నట్టే ఉండేది. జోడీ రోజూ ఆ గేటులోంచే వెళ్ళేవాడు. మొదటి వారం చూడనట్టే వెళ్ళాడు. రెండోవారం తల ఊపాడు. మూడోవారం ఆగి, గొంతు కలపకుండా, ఆవు నెమరేసినట్టు మూతి తిప్పి ఏదో అన్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఏంటది?" అన్నాడు చూపులాయన.

"మీ ఆవిడని అడిగి నేర్చుకుంటున్నాలే. చెల్లెమ్మ నాకు సున్నా మార్కులేసింది" అని జోడీ చిరాగ్గా వెళ్ళిపోయాడు.

అయిదు వారాలకు జవాబు వచ్చింది. పంపు దగ్గర నిలబడటానికి అభ్యంతరం లేదన్నారు, మెట్లూ పొగా మాత్రం నిషిద్ధం. తరువాతి గురువారం మధ్యాహ్నం ఒక కుర్చీల దుకాణం పైఅంతస్తు అంటుకుంది. మిగతావాళ్ళు లోపలికి పరుగెడుతుంటే చూపులాయన కాళ్ళు వాటంతట అవే రెండు అడుగులు వేశాయి. ఆగాడు. వెనక్కి వచ్చి పంపు చక్రంమీద చెయ్యి వేశాడు.

పొగ మేఘాలై దిగుతోంది. వార్నిష్ వాసన వేస్తోంది. జనం నోళ్ళు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. అతను వాళ్ళెవరినీ చూడలేదు. పైఅంతస్తులోని రెండో కిటికీనే చూస్తూ నిలబడ్డాడు. కళ్ళు మండి నీళ్ళు కారినా రెప్ప వేయలేదు. చాలాసేపటికి పొగ కొంచెం విడివడింది. మసిపట్టిన బొద్దుముఖం ఒకటి బయటికి వచ్చింది. పెదవులు రెండూ పెద్దగా సాగి, దగ్గరికి వచ్చి గుండ్రంగా ముడుచుకున్నాయి. సున్నా మార్కుల వాడికి తగ్గట్టే ఉంది, అయినా పోల్చుకోలేని మాట కాదు.

చాలు.

అతను చక్రం తిప్పి మూశాడు. వీధి పొడుగునా బిగుసుకుని ఉన్న గొట్టం, నిద్రలోకి జారుకుంటున్న మనిషిలా, మెల్లగా మెత్తబడింది.